తాళం వేసిన ప్లగ్గుకు నా సంతకం

మా ఫ్యాక్టరీ నోటీసుబోర్డు మీదున్న ఆ ఫోటోలో స్కూటర్‌కు ఆనుకుని, చార్జర్ ప్లగ్గు చేత్తో పట్టుకుని, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నది నేనే. అది తీసిన రోజు ఆ ప్లగ్గులో కరెంటు కూడా లేదు. ఎలక్ట్రీషియన్ ఇంకా వైరు కలపలేదు. అయినా నవ్వాను. ఆ నవ్వు సంగతి దాచేస్తే తర్వాత నేను చేసిన గొడవ గురించి చెప్పే అర్హత నాకుండదు.

మా ఫ్యాక్టరీ పీలమేడులో ఉంది. నీళ్ల మోటార్లు తయారుచేస్తాం. మోటార్లకు రాగితీగ చుట్టే వైండింగ్ సెక్షన్‌లో అందరూ ఆడవాళ్లే. నేను స్టోర్స్ చూసుకుంటాను. యజమాని మా అమ్మకు పెద్దమ్మ కొడుకు, అంటే నాకు మామ. ఫ్యాక్టరీలో అందరితోనూ తమిళంలో మాట్లాడే మామ నాతో మాత్రం, అదీ ఏదైనా పని పడినప్పుడు, మా ఇంటి తెలుగులోకి దిగుతాడు. మావాళ్లు ఎన్ని తరాల కిందట ఈ తమిళ ఊళ్లకు వచ్చారో మాకే తెలియదు. బళ్లో ఎవరూ తెలుగు నేర్పలేదు. అక్షరాలు నేను నలభై దాటాక కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. ఆ భాషలో ఎవరైనా ముద్దుగా "అమ్మిణీ" అని పిలిస్తే కరిగిపోతాను. మామకు ఆ సంగతి బాగా తెలుసు.

నేనుండేది కారమడైలో. రానూ పోనూ అరవై కిలోమీటర్ల పైమాటే. బస్సులు మారి మారి నడుం పడిపోతుంటే, "ఫ్యాక్టరీలోనే చార్జర్ పెట్టిస్తా, బండి కొనుక్కో" అని మామ అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. ఇంటి దగ్గర చార్జింగ్ కుదరదు. నాది మేడ మీద అద్దె వాటా. కిటికీలోంచి వైరు కిందికి దింపితే ఇంటావిడ ఒప్పుకోలేదు. నా ఖర్చుతో కింద వేరే పాయింటు పెట్టించుకుంటాను, దానికి పన్నులో ఏమైనా తగ్గుతుందా అని మామ ఆడిటర్‌ని అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. జీతగాళ్లు ఇంట్లో పెట్టుకుంటే ఏమీ ఉండదట. అదే కంపెనీ పేరున కంపెనీ పనికోసం పెడితే దాని ఖరీదును ఏటా కొంత ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోవచ్చట. నాకు ఒళ్లు మండింది. రోజుకు అరవై కిలోమీటర్లు తిరిగే బండికి లేని రాయితీ, షెడ్డు గోడకు బిగించే పెట్టెకు ఉందన్నమాట.

చార్జర్ వచ్చింది. ఫోటో తీశారు. మామ ఒక ఇంగ్లీషు కాగితం నా ముందు పెట్టాడు. సిబ్బంది బళ్ల కోసం ఈ చార్జర్ పెట్టారనీ, నేను రోజూ వాడుకుంటున్నాననీ అందులో ఉంది.

"ఇంకా కరెంటే రాలేదు కదా మామా?" అన్నాను.

"రేపు వస్తాది అమ్మిణీ. ఆడిటర్ అడుగుతుండాడు. సుమ్మా ఒక కైయెళుత్తు పెట్టు. మనోళ్లకి మనమే చెయ్యకుంటే ఎవరు చేస్తారు చెప్పు?"

పెట్టాను. ఊరికే ఒక సంతకం, అంతే అన్నాడు. బలవంతం ఏమీ లేదు, మెడ మీద కత్తి లేదు. మనోళ్లు అన్నాడు, పెట్టాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మర్నాడు కరెంటు వచ్చింది, పది రోజులు హాయిగా గడిచాయి. పదకొండో రోజు పొద్దున చార్జర్ పెట్టెకు తాళం వేలాడుతోంది. పక్కన మామ కొత్త ఎలక్ట్రిక్ కారు. ఉన్నది ఒకటే ప్లగ్గు. అడిగితే, "లోడు తాళదు అమ్మిణీ, కొన్నాళ్లు పొర్తుకో" అన్నాడు. ఓర్చుకో అని. కారుకు తాళే లోడు స్కూటర్‌కు ఎందుకు తాళదో ఎలక్ట్రీషియన్‌ని అడిగాను. యజమానినే అడగమని అతను సంచి సర్దుకున్నాడు.

కొన్నాళ్లు కాస్తా నెలలయ్యాయి. రోజూ సాయంత్రం ఇంటిదారిలో తుడియలూరులో ఒక బేకరీ ముందు బల్లమీద కూర్చుని బండికి కరెంటు ఎక్కించుకునేదాన్ని. రెండు గంటలు. ఊరికే కూర్చుంటే బాగుండదని రోజూ ఒక టీ, ఒక బన్ను. ఒకరోజు ఆ వీధిలో కరెంటు పోయింది. పెరియనాయకన్‌పాళ్యం దాటాక బండి ఆగిపోయింది. వర్షంలో తోసుకుంటూ నడిచాను. ఇలాగే సాగితే ఉద్యోగం మానుకోవడం తప్ప దారి లేదని ఆ రోజు నాకు తేలిపోయింది. నా ఫోటో చూసి వైండింగ్ సెక్షన్‌లో ఇద్దరు కూడా అలాంటి బళ్లే కొన్నారు. వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఏడాది తిరిగింది. ఆడిటర్ మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే కాగితం. ఈసారి మామ దాన్ని పట్టుకుని నేరుగా వైండింగ్ సెక్షన్‌కే వచ్చాడు. నేను అక్కడ తీగ చుట్టలు లెక్కపెట్టి ఇస్తున్నాను.

"అమ్మిణీ, పోయిన తడవ మాదిరే. ఇక్కడ ఒకటి పెట్టు."

"చార్జర్‌కి తాళం ఉండాది కదా మామా."

"అది మన ఇంటి సంగతి. వీళ్ల ముందర ఏమిటికి?"

వీళ్లు అంటే నా చుట్టూ ఉన్న ఆడవాళ్లు. వాళ్లకు తెలుగు రాదు. అందుకే ఆయన అంత ధీమాగా, అంత మెత్తగా మాట్లాడుతున్నాడు. మా అమ్మ నాకు ఉగ్గుపాలతో పోసిన భాషను ఈయన తలుపు గడియలా వాడుతున్నాడని అప్పుడు అర్థమైంది. పుట్టి బుద్ధెరిగాక మామతో ఎన్నడూ తమిళంలో మాట్లాడనిదాన్ని, గొంతెత్తి తమిళంలో అన్నాను.

"ముడియాదు ముదలాళీ. పూట్టి వెచ్చ ప్లగ్గుక్కు నాన్ కైయెళుత్తు పోడమాట్టేన్."

కుదరదు యజమానీ, తాళం వేసిన ప్లగ్గుకు నేను సంతకం పెట్టను అని. చుట్టే చేతులన్నీ ఆగిపోయాయి. బళ్లు కొన్న ఇద్దరూ లేచి నిలబడ్డారు. మేమూ వాడుకుంటున్నామని అందులో రాశారా అని ఒకామె అడిగింది. మామ మొహం మాడిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి ఫోన్లు. "సొంతోడి పరువు వీధిలో పెడితివే" అని అత్త ఏడ్చింది. మామ కాళ్లు పట్టుకో అని మా అమ్మ. పట్టుకోను అన్నాను. నేను వీధిలో పెట్టింది ఒక తాళాన్ని, ఎవరి పరువునూ కాదు. మర్నాడు నేనే ఆడిటర్ దగ్గరికి వెళ్లి, నిరుడు నేను పెట్టిన సంతకం కూడా సరైనది కాదని, పదిరోజుల తర్వాత ఆ పెట్టె మామ కారుకు తప్ప మాకు తెరవలేదని రాసిచ్చాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆడిటర్ కాగితం రెండుసార్లు చదివాడు. సొంత కారుకు వాడినదాన్ని తను కంపెనీ ఖర్చులో చూపించలేనని, పాత పన్ను లెక్క కూడా సరిచేసి మళ్లీ దాఖలు చెయ్యాలని మామకు చెప్పాడు. ఇక ముందు చూపించాలంటే సిబ్బంది నిజంగా వాడాలన్నాడు. నాలుగో రోజు పొద్దున నేను వెళ్లేసరికి మామ చార్జర్ దగ్గర నిలబడి ఉన్నాడు. తాళం తీసి ఉంది. కారు దూరంగా వేపచెట్టు కింద ఉంది. నన్ను పనిలోంచి తీసేస్తాడేమోనని చూశాను. తాళంచెవి నా చేతిలో పడేశాడు.

"నిన్ను నమ్మితిని అమ్మిణీ," అన్నాడు, తెలుగులోనే.

"నేనూ నమ్మితిని మామా. అందుకే మొదటిసారి సంతకం పెడితిని."

నా వెనక వైండింగ్ సెక్షన్ వాళ్లిద్దరి స్కూటర్లు వచ్చి ఆగాయి. ప్లగ్గు ముందు వాళ్లకే ఇచ్చి లోపలికి వెళ్లాను.