పదమూడో నంబరు పానా

ఒడోంగ్ చేతులు పంపు మూత బోల్టులను ఒక్కొక్కటిగా బిగిస్తున్నాయి. ఈ ఉగాండా కుర్రాడికి వారమంతా గల్ఫ్‌లో లిఫ్టుల కంపెనీలో డ్యూటీ. సెలవురోజైన శుక్రవారం మాత్రం ముఐథర్ పేటలో, రసూల్ గ్యారేజీ వెనక ఉంటాడు. కెన్యా, ఘనా, సెనెగల్ వాళ్లు మరో నలుగురు వస్తారు. పాడైన పంపులు కొని, బాగుచేసి, వంతులవారీగా ఒక్కొక్కరి ఊరికి పంపుతారు. ప్రతి బోల్టునూ రెండు వేళ్ల మధ్య తిప్పి చూడనిదే ఒడోంగ్ పెట్టడు. ఈసారి వంతు ఘనా అమ్మాయి ఎఫువాది. నాలుగింటికి వచ్చే కార్గో బండి తప్పితే మళ్లీ నెలకే. అప్పటికి వాళ్ల ఊళ్లో టమాటా నారు ఎండిపోతుంది.

బండి వచ్చి హారన్ కొట్టింది. పరీక్షకు పెట్టిన పంపు నీళ్లు చిమ్ముతోంది. ఒడోంగ్ వేలు అడుగు బోల్టు మీద ఆగింది. పొద్దున కబుర్లలో పడి, తిప్పి చూడకుండా బిగించింది అది. స్విచ్ ఆపేశాడు.

"మంచిగ నడుస్తున్నదాన్ని మళ్ల ఎందుకు ఇప్పుతున్నవ్‌రా?" అన్నాడు జగిత్యాల రసూల్.

"ఇది పద్నాలుగో నంబరు బోల్టు, అన్నా. మిగతావి పదమూడు. ఊళ్లో ఒకటే పానా ఉంటది," అన్నాడు ఒడోంగ్, రసూల్ దగ్గర నేర్చుకున్న తెలుగులో.

"నీకు పిల్లనెవడిస్తడ్రా? పెండ్లిపందిట్ల గూడ బోల్టులే జూస్తవ్!"

డ్రైవర్ తొందరపెడుతూ "యల్లా, యల్లా" అని అరుస్తుంటే ఎఫువా నవ్వుతూ బండికి అడ్డంగా నిలబడింది. ఐదు నిమిషాల్లో బోల్టు మారింది. ఆమె పదమూడో నంబరు పానా ఒక్కదాన్నే అన్ని బోల్టులకూ పట్టించి చూసి, దాన్ని తీగతో పంపుకే కట్టేసింది. అయిదుగురూ కలిసి పంపును ఎత్తి బండిలో పెట్టారు.