ఊరగాయ జాడీలో ప్రొజెక్టర్ లెన్స్

మా చిన్నప్పుడు... కువైట్‌లో శుక్రవారం మధ్యాహ్నం అయిందంటే చాలు, నాయన పనిచేసే సినిమా హాలు ముందు మన కడప యాసే వినిపించేది. డ్రైవర్లు, మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే అక్కలు... వేరే చోట్ల ఫ్యామిలీలకే అని చెప్పి ఒంటరి కూలీలను గుమ్మంలోనే ఆపేసేవాళ్లు. ఇక్కడ ఎవరినీ ఆపేవాళ్లు కాదు. ఎప్పుడైనా తెలుగు బొమ్మ పడితే హాలంతా ఈలలే.

నాయన ప్రొజెక్టర్ ఆపరేటర్. మొదటి ఆటకు ముందు మిషన్‌కి కుంకుమ బొట్టు పెట్టనిదే స్విచ్ వేసేవాడు కాదు. నాయనకు వీసా ఇప్పించిన కఫీల్, హాలు యజమాని అయిన ముసలాయన అది చూసి నవ్వి ఊరుకునేవాడు.

1990 ఆగస్టులో కువైట్ మీదికి ఇరాక్ సైన్యం వచ్చింది. హాలు చూసుకోమని నాయనకు చెప్పి, యజమాని కుటుంబంతో సౌదీ వెళ్లిపోయాడు. చూసుకోవడానికి ఏం మిగిలిందని... సైనికులు ఏసీలు, కుర్చీలు లారీలకెక్కించారు. ప్రొజెక్టర్‌ను మాత్రం బరువని వదిలేశారు. మళ్లీ వస్తారేమోనని నాయన దాని లెన్స్ విప్పి, చొక్కాలో దాచి, బ్నీద్ అల్ గార్‌లోని మా గదికి తెచ్చాడు.

"ఇది లేకుంటే బొమ్మ పడదు. పెద్దాయన వచ్చినంక నేనే బిగించల్ల" అన్నాడు.

మనవాళ్లను బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరుస్తున్నారని తెలిసింది. దారి పొడుగునా తనిఖీలు, నగలూ టేప్ రికార్డర్లూ లాక్కుంటున్నారని కబురు. అమ్మ ఆ లెన్స్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి, మామిడి ఊరగాయ జాడీ అడుక్కి నొక్కింది.

బస్రా దగ్గర ఒక సైనికుడు జాడీ మూత తీశాడు. ఘాటుకు దగ్గి, ముఖం తిప్పుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు. బస్సులో ఎవరూ నవ్వలేదు. నాకు భయం కూడా వెయ్యలేదు... కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాను.

జోర్డాన్‌లో విమానమెక్కి, కడపలో ఇంటికి చేరి జాడీ తెరిస్తే కవరు చిరిగి ఉంది. ఉప్పూ నూనే గాజు పొరల్లోకి దిగాయి. అమ్మ కుంకుడు రసంతో కడిగింది, చింతపండుతో తోమింది. చుట్టూ ఉన్న ఇత్తడి తళతళలాడింది గానీ గాజు మసకగానే ఉండిపోయింది. నాయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఖలాస్" అన్నాడు. అమ్మను ఒక్క మాట అనలేదు.

యుద్ధం అయ్యాక నాయన మళ్లీ కువైట్ వెళ్లాడు, డ్రైవర్‌గా. పెద్దాయన తిరిగి రాలేదు, హాలు గోడౌన్ అయింది. ఇప్పుడు నాయన కూడా లేడు.

మొన్న అక్కడున్న పిన్నమ్మ కొడుకు ఫోటోలు పంపాడు. ఆ హాలును బాగుచేసి తెరిచారట... కొత్త కుర్చీలు, గోడలకు పాత రంగులే. గుమ్మం దగ్గర అద్దాల పెట్టెలో నాయన ప్రొజెక్టర్. దాని మీద బొట్టు లేదు, లెన్స్ ఉండాల్సిన చోట బొక్క. ఏడుపు వస్తుందనుకున్నాను... ఏమీ రాలేదు.

అమ్మకు చూపించాను. చూసి, బీరువాలోంచి లెన్స్ తీసింది.

"పంపిద్దాం పాపా... ఇంగోసారి తోమి ఇస్తా" అంది.

ఇప్పుడు బొమ్మ అందరి చేతిలోని ఫోన్లోనూ పడుతోంది, ఈల వేసేవాళ్లే లేరు. మీరు ఈలలేసిన హాలు ఇప్పుడేమైందో రాయండి, చదువుతాను... అమ్మ వంటింట్లో చింతపండు నానబెడుతోంది.