నా ఊపిరితిత్తులు వీక్ అని చెప్పిన అన్నయ్యకు

నిన్న పొద్దున ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్ చూశాను.

అన్నయ్య ఇక లేడు.

మళ్ళీ చదివాను. ఫోన్ బోర్లా పెట్టేశాను. తొంభై దాటినా, డాక్టర్ కదా, నాకంటే ఆయనే ఎక్కువ కాలం ఉంటాడనుకున్నాను.

"గొప్ప డాక్టర్" అని అందరూ రాస్తున్నారు. నిజమే. ఆయన కోసం మైళ్ళ దూరంలోని ఉస్లాపూర్ నుంచి నడిచి వచ్చే పేషెంట్లు ఉండేవారు.

పిల్లలూ, నా మాట కూడా చదవండి. తెలుగు కష్టమైతే మీ అమ్మల చేత చదివించుకోండి.

అప్పటికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో ఫిట్టర్. అన్నయ్య విశాఖలో మెడిసిన్. నన్ను కూడా డాక్టర్ని చేస్తానని మాటిచ్చింది అన్నయ్యే.

వేసవి సెలవులకొచ్చి మా క్వార్టర్ వంటింటిని ఫిజియాలజీ ల్యాబ్ చేసేశాడు.

నీళ్ళ తొట్టిలో, నీళ్ళు నింపిన గాజు జాడీ బోర్లించి, రబ్బరు గొట్టం పెట్టి, "ఊదవే బుల్లీ!" అన్నాడు. ఊదాను. జాడీలో నీళ్ళు సర్రున దిగిపోయాయి.

"అచ్ఛా! మా క్లాసులో మగపిల్లలకే ఇంత ఊపిరి లేదే!" అన్నాడు.

తర్వాత అందరి యూరిన్ టెస్ట్ చేశాడు. నీలం మందులో చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద కాచాడు. నాది నీలంగానే ఉంది.

అమ్మది ఇటుక రంగుకి తిరిగింది.

షుగర్.

ఆ టెస్టూ, అమ్మకి ఇంజక్షన్ ఇవ్వడమూ నాకు నేర్పాడు. గర్వంగా నేర్చుకున్నాను.

తిరిగి విశాఖ వెళ్ళే రోజు నాన్నతో అన్నాడు: "బుల్లికి ఊపిరితిత్తులు వీక్ నాన్నా. హాస్టల్లో ఉండి చదవలేదు."

అబద్ధం అని అరిచాను.

"మెడిసిన్ చదివినోడికి తెలీదేటి? నీకు తెలుస్తాదా?" అన్నారు నాన్న.

స్టేషన్‌లో అన్నయ్యని నిలదీశాను.

"అమ్మ దగ్గర ఒకరుండాలి కదే. ఆ మాట చెప్తే అమ్మ ఒప్పుకోదు. నిన్ను చదివించమంటాది" అన్నాడు.

రైలెక్కేశాడు.

అమ్మ చాలా ఏళ్ళు బతికింది. రోజూ పొద్దున్నే టెస్ట్ చేసేదాన్ని. నేను కాస్త దగ్గినా కంగారుపడి, కొంగుతో నా ఛాతీ కప్పేది. నా ఊపిరితిత్తుల మీద బెంగతోనే పోయింది. ఆమెకి నిజం చెప్పలేకపోయాను.

మొన్న ఆదివారం ఫోన్‌లో అడిగాను. "అమ్మకైనా నిజం చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదా అన్నయ్యా?"

"అదింకా గుర్తుందేటే నీకు?" అని నవ్వాడు.

మేం చివరగా మాట్లాడుకున్నది అదే.

వెళ్ళిరా అన్నయ్యా. నువ్వెక్కడున్నా నీ మనసు చల్లగా ఉండాలి.

నా కోపం మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను.