అయ్య చెవి, రెండు చెక్క పెట్టెలు

కొత్త స్పీకరును అట్టపెట్టెలోంచి బయటికి తీయగానే ఒక వాసన వస్తుంది, రంపపు పొట్టు, జిగురు, నల్లరంగు కలిసి ఎండలో పెట్టినట్టుండే వాసన. అందరికీ అది కొత్త సామాను వాసన. నాకు మాత్రం అది మా అన్న ముక్కులోంచి కారిన నెత్తురు వాసన. మొన్న నర్సీపట్నంలో ఒక దుకాణంలో నిలబడి ఆ వాసన పీల్చగానే, ఇంత వయసొచ్చి, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న నేను, ఎవరో కొడతారేమో అన్నట్టు మెడ లోపలికి ముడుచుకున్నాను.

"బుక్‌షెల్ఫ్ స్పీకర్లు మేడమ్, పుస్తకాల అరలో పట్టేస్తాయి. తక్కువలో ఇంతకన్నా మంచివి రావు" అని దుకాణదారు ఏదో పాట పెట్టాడు. అద్దాల అలమారా గడగడలాడింది. ఆ పాట ఆపమన్నాను. అమ్మేవాడి పాట విని స్పీకరు కొనకూడదని నాకు నేర్పింది బడి మొహం చూడని మా అయ్య. నా ఫోను ఇచ్చి, అందులో ఉన్నది పెట్టమన్నాను.

మాది చింతపల్లి పైన కాఫీ తోటల్లో ఇరవై గడపల ఊరు. మా అయ్య డప్పు కొట్టేవాడు. మేక తోలు సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చెక్క చట్రానికి బిగించి తన డప్పు తనే చేసుకునేవాడు. పనసకాయ మీద వేలి ముడులతో రెండు తట్లు తట్టి ఎన్నాళ్లకు పండుతుందో చెప్పేవాడు, కొండ మలుపులో జీపు ఇంకా కనబడక ముందే అది ఎవరి జీపో, ఎంత బరువుతో ఎక్కుతోందో చెప్పేవాడు, కుండ కొంటే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి, పగులు ఎక్కడుందో వేలితో చూపించి కుమ్మరివాణ్ణి ఏడిపించేవాడు. చలికాలం మంచుకు తోలు మెత్తబడి డప్పు మూగబోతుంది. అప్పుడు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, డప్పును పసిబిడ్డను కాచినట్టు అటూ ఇటూ తిప్పుతూ కాచి, మూడు వేళ్లతో మీటి, చాలదనుకుంటే మళ్లీ కాచేవాడు. తోలు బిగుసుకుని "ఖణ్" మన్నాక గానీ లేచేవాడు కాదు.

ఆ చేతులే మమ్మల్నీ వాయించేవి. మేక చోడి చేలో పడితే దెబ్బ, అంబలి ఒలికితే దెబ్బ, థింసా ఆటలో అడుగు తప్పితే డప్పు పుల్లతో మోకాలి మీద దెబ్బ. అమ్మ తక్కువదేమీ కాదు, ఆమెకు తెడ్డు ఉంది. ఇవాళ కొందరు పెద్దవాళ్లు "ఆ దెబ్బలే మమ్మల్ని మనుషుల్ని చేశాయి" అని నవ్వుతూ చెప్పుకుంటారు, వింటే నాకు ఒళ్లు మండుతుంది. దెబ్బలు మమ్మల్ని మనుషుల్ని చేయలేదు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే వాళ్లను చేశాయి.

కానీ ఆ రోజుల్లో కొట్టడం మా గాలిలోనే ఉండేది. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకెళ్లి ఉత్త చేతులతో తిరిగొస్తే, ఆడవాళ్లు దారికి అడ్డంపడి పేడనీళ్లు గుమ్మరించి, చీపుళ్లతో తరిమి తరిమి కొట్టేవాళ్లు. ఏడాదంతా తెడ్డు తప్ప మరోటి ఎత్తని అమ్మలు ఆ రోజు లెక్క తేల్చుకునేవాళ్లు. పుష్యంలో చిక్కుడు కొత్త పండగ వస్తే తెల్లారకముందే మేక మెడ తెగేది. దాని నెత్తురు అడ్డాకు దొప్పల్లో పట్టి, ఉల్లి, మిరప కొట్టి వండేవాళ్లు. ఆ కొత్త చేస్తేగానీ చిక్కుడుకాయ నోట పెట్టకూడదు. కొత్త చిక్కుడు గింజలు, సామ అన్నం, వేటకూర, జీలుగు కల్లు. ఇప్పుడు రాస్తుంటే కూడా నోట్లో నీళ్లూరుతున్నాయి, అదే సమయంలో ఎడమ మోకాలు సలుపుతోంది.

నాకు పదేళ్లప్పుడు మా అన్న సుక్రు కాఫీ కోతకూ మిరియాల కోతకూ వెళ్లి సంపాదించుకున్న కూలితో పాత కేసెట్టు డెక్కు ఒకటి కొన్నాడు. దానికి స్పీకర్లు కావాలి. ముందటేడు చిక్కుడు కొత్తకు స్నేహితుడి టేపురికార్డరు తెచ్చి అయ్య డప్పు ఒక కేసెట్టులో పట్టాడు. అయ్య డప్పు కాస్తుండగానే తొందరపడి మీట నొక్కేశాడు కాబట్టి, ఆ కేసెట్టు మొదట్లో మంట చిటపటలు, అమ్మ గాజులు, ఆ తర్వాత నన్ను కసురుతున్న అయ్య గొంతు ఉంటాయి. "మంటకి ఎడంగుండు గుంటా, కాలిపోతావు!" ఆ తర్వాతే డప్పు మొదలవుతుంది.

ఆ కేసెట్టు పట్టుకుని అయ్య, అన్న, నేను సంతకు వెళ్లాం. దిగువ నుంచి వచ్చిన ఒక వ్యాపారి జీపు వెనక స్పీకర్లు పేర్చి, బ్యాటరీ పెట్టి వాయిస్తున్నాడు. నా ఎత్తున్న పెద్ద పెట్టెలు, పాటకు తగ్గట్టు వెలిగి ఆరే ఎర్రదీపాలు. వాటి పక్కన, ఎవరింట్లోంచో తీసుకొచ్చి కొత్తగా జిగురు పెట్టి రంగు పూసిన రెండు చిన్న పెట్టెలు. దీపాలు లేవు, ఏమీ లేవు. పెద్దవాటి కన్నా వీటికి కాస్త ఎక్కువ ధర చెప్పాడు. అన్న కళ్లు దీపాల మీదే ఉన్నాయి.

అయ్య మొదట పెట్టెలను పనసకాయను తట్టినట్టు తట్టాడు. పెద్దది తట్టగానే డొల్లగా మోగింది, చిన్నది "టక్" మని ఊరుకుంది. తర్వాత కేసెట్టు పెట్టమన్నాడు. పెద్దదాంట్లో డప్పు ఉరిమింది. సంతలో జనం మూగారు. అయ్య మొహం మాడిపోయింది. "ఇది నాను కాదు. దెబ్బ పడ్డాక ఆగాల కదా, ఇదేటి ఊగతానే ఉంది?" అన్నాడు. చిన్నవాటికి మార్చారు. చప్పుడు చిన్నది. కానీ మంట చిటపటలాడింది, అమ్మ గాజులు గలగలమన్నాయి, "మంటకి ఎడంగుండు గుంటా" అన్న మాట, అయ్య పక్కనే నిలబడి అన్నట్టు, జీపు వెనకనుంచి వచ్చింది. పెద్దదాంట్లో ఆ మాట ఎవరికీ వినబడలేదు. డప్పు మీద కుడిపుల్ల ఎక్కడ పడుతోందో ఎడమపుల్ల ఎక్కడ పడుతోందో విడివిడిగా తెలిసింది, పడ్డ దెబ్బ పడ్డట్టే ఆగింది. మా అయ్య తన డప్పును ఎదుట నిలబడి వినడం అదే మొదటిసారి. కళ్లార్పలేదు.

"ఇయ్యే. పెద్దయి పైన పటారం లోన లొటారం" అన్నాడు.

అన్న మూతి ముడుచుకుని, అందరూ వింటుండగా, "కోళ్ల గూడులా ఉన్నాయి. ముసిలోడికి ఏటి తెలుసు" అన్నాడు.

అయ్య చెయ్యి లేవడం నేను చూడలేదు, పడటమే విన్నాను. అన్న వెళ్లి ఆ చిన్న పెట్టెల మీద పడ్డాడు. ముక్కులోంచి కారిన నెత్తురు స్పీకరు ముందున్న నల్లగుడ్డ మీద చారలు కట్టింది, కొత్త జిగురు వాసనతో కలిసింది. సంతంతా చూసింది. అన్నకు పద్దెనిమిదేళ్లు. ఏడవలేదు, నెత్తురు తుడుచుకోలేదు. ఆ పెట్టెలనే కొని, భుజాన పెట్టుకుని, ఘాటీ పొడుగునా జీపులో అయ్య వైపు చూడకుండా కూర్చున్నాడు.

మా ఇంట్లో పుస్తకాలెక్కడివి, సామల కుండల పక్కన మట్టిగోడ గూట్లో ఎక్కాయి ఆ స్పీకర్లు. నెల తిరగకుండానే మంచు దిగింది. పొద్దెక్కినా ఎదురింటి గడప కనబడదు, బట్టలు ఆరవు, ఉప్పు నీరు కారుతుంది. పెట్టెల గొంతు కూడా మందగించిందని అన్న గొణుగుడు మొదలుపెట్టాడు. చిక్కుడు కొత్తకు థింసా ఆడే ఆటస్థలంలో డప్పుకు ముందు తన డెక్కే మోగాలని స్నేహితులతో పంతం కట్టాడు. "ఆ పెట్టె నా ఆటలోకి వొచ్చిందో, పొయ్యిలో ఎట్టేత్తాను" అని అయ్య అరిచాడు. అన్న నా దగ్గరకొచ్చి మెల్లగా, "పండగనాడు ఇయ్యి మోగకపోతే నేను పరువు తీసుకుని ఇక్కడుండను. జీపెక్కేత్తాను సెల్లీ" అన్నాడు.

అన్న వెళ్లిపోతే ఆ ఇంట్లో అయ్యకూ అమ్మకూ మధ్య నేనొక్కదాన్నే. నాకు పడే దెబ్బల్లో సగానికి అడ్డం వచ్చేవాడు అన్న. ఆ పెట్టెలు మోగి తీరాలి.

మోగనిదాన్ని మోగించే దారి నాకు ఒకటే తెలుసు.

పండగనాడు ఇంకా చీకటి ఉండగానే మేకను తేవడానికి అయ్య, నీళ్లకు అమ్మ, స్నేహితుల్ని పిలవడానికి అన్న వెళ్లారు. నేను గూట్లోంచి పెట్టెలు దించి, గుడ్డ ఊడదీసి, లోపల డప్పుతోలులా బిగించి ఉన్న స్పీకరు కాగితాన్ని పొయ్యికి ఎదురు పట్టాను. అయ్య డప్పును తిప్పినట్టే తిప్పాను. మూడు వేళ్లతో మీటాను. "ఖణ్" మనలేదు. ఇంకా కాగాలేమో అనుకుని ఇంకా దగ్గరికి పెట్టాను. చేతి మీది నూగు చుర్రుమంది. కాగితం అంచు ముడుచుకుని, జిగురు కరిగి వాసన వచ్చింది. భయపడి గుడ్డ మళ్లీ తగిలించి, రెండింటినీ గూట్లో పెట్టేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని అప్పుడింకా తెలియదు నాకు.

ఆటస్థలంలో ఊరంతా చేరాక అన్న మీట నొక్కాడు. మంట చిటపట లేదు, గాజులు లేవు, మాట లేదు. తాటాకు మీద గోళ్లు గీకినట్టు గరగర. స్నేహితులు పగలబడి నవ్వారు. అన్న గుడ్డ చింపి చూశాడు. మాడిన కాగితం. మా ఊళ్లో దేన్నైనా మంటకు పట్టే మనిషి ఒక్కడే.

"నువ్వే! పొయ్యిలో ఎడతానన్నావు, ఎట్టీసినావు!"

అయ్య వంగి పెట్టెను వాసన చూశాడు. తలెత్తి చుట్టూ చూశాడు. ఆయన చూపు నా కుడి చేతి మీద, నూగు మాడి ఎర్రబడ్డ చోట, ఆగింది. నా కాళ్ల వెంట వెచ్చగా కారిపోయింది. ఇక నన్ను చంపేస్తాడు అనుకున్నాను. అయ్య మా అన్న వైపు తిరిగి, "అవున్రా, నానే. ఏటి సేత్తావు?" అన్నాడు.

అన్న అరచెయ్యి విప్పి అయ్య ఎడమ చెవి మీద కొట్టాడు. సంతలో తిన్నదీ, అంతకుముందు ఇన్నేళ్లుగా తిన్నవీ అన్నీ ఆ ఒక్క దెబ్బలో పెట్టి కొట్టాడు. అయ్య మోకాళ్ల మీద కూలాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా మెడ మీదికి దిగింది. ఎదురు చెయ్యి ఎత్తలేదు. అన్న రెండు పెట్టెలనూ గొడ్డలితో చీల్చి, ఆ పొద్దే జీపెక్కాడు. నేను నోరెత్తలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు. అంతకు మించిన పిరికిపని నా బతుకులో మరొకటి చేయలేదు.

ఆసుపత్రిలో మందులు పోశారు గానీ ఆ చెవికి వినికిడి తిరిగి రాలేదు. తోలు కాగిందో లేదో తెలియడం లేదని అయ్య డప్పు కట్టిపెట్టాడు. పనసకాయలు తట్టడం మానేశాడు. నన్ను మాత్రం ఆ తర్వాత ఎన్నడూ కొట్టలేదు, ఆ సంగతి ఎత్తనూ లేదు. ఆయన పోయినప్పుడు అన్న వచ్చాడు, పాడె మొయ్యనని దూరంగా నిలబడ్డాడు.

ఇప్పుడు మా ఊళ్లో డప్పులకు మేకతోలు లేదు, ప్లాస్టిక్కు బిగిస్తున్నారు, దాన్ని కాచే పనే లేదు. జీలుగు చెట్లు పలచబడ్డాయి. చిక్కుడు కొత్తకు దిగువ నుంచి మనిషెత్తు పెట్టెలు లారీలో ఎక్కి వస్తున్నాయి, దీపాలతో సహా. కేసెట్టు మాత్రం అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది, మా బడిలో కంప్యూటరు సారు ఫోనులోకి ఎక్కించి ఇచ్చారు. దుకాణంలో నాలుగు జతలు విన్నాను. మూడింట్లో అయ్య మాట డప్పు హోరులో మునిగిపోయింది. నాలుగోది, అన్నిట్లోకీ చిన్నది, చెప్పింది. అదే తెచ్చాను.

లారీ డ్రైవరైన అన్న నిన్న దారిలో బండి ఆపుకుని భోజనానికి వచ్చాడు. తిన్నాక పుస్తకాల అరలోంచి అది మోగించాను. చిటపటలు, గాజులు, "మంటకి ఎడంగుండు గుంటా, కాలిపోతావు!" అన్న చెయ్యి కడుక్కుంటున్నవాడు నీళ్లు కారుతున్న చెయ్యితో అలాగే నిలబడిపోయాడు.

"అన్నా, ఆ పొద్దు పెట్టెలు కాసింది నేను" అన్నాను.

డప్పు మొదలైంది.

"మరి అయ్య తనే అన్నాడు కదే."

"నా సెయ్యి సూసి అన్నాడు."

అన్న వచ్చి నేల మీద కూర్చున్నాడు. కుడి అరచేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాడు. డప్పు అయిపోయింది.

"మళ్లీ ఎయ్యి" అన్నాడు.

మళ్లీ వేశాను. మా అయ్య మళ్లీ నన్ను మంటకు ఎడంగా ఉండమన్నాడు.