డ్రా చాలన్న లెక్క

ఆ ఏడు మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన ఐదు లీగ్ మ్యాచ్‌ల స్కోరు రాసింది నేనే. ఫిజిక్స్ ల్యాబులో అటెండర్‌ని. ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివాను. ఆపై లెక్కలన్నీ విద్యార్థులు వదిలేసిపోయిన పాత పుస్తకాలు ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నవి. దశాంశాలు వంటబట్టడానికి ఒక చలికాలమంతా పట్టింది. ఆ సంగతి తెలిసి ఆటలు చూసుకునే మా పీడీ సారు జట్టు రిజిస్టరు నా చేతిలో పెట్టారు. ఆయన గుంటూరు వైపు మనిషి. "మీరు రాస్తే కొట్టివేతలుండవండి," అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

అంతకు ముందటేడు ఉద్యమం వల్ల కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. అందువల్ల పరీక్షలూ పోటీలూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఐదు మ్యాచ్‌లు పదిహేడు రోజుల్లో ఆడాలి. పిల్లలు బోరబండ నుంచి, మూసాపేట నుంచి, ఒకడు నానక్‌రామ్‌గూడ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాళ్లు. పదకొండు మందికి ఏడు జతల బూట్లు. మిగతా నలుగురు పాదాలకు గుడ్డపట్టీలు చుట్టుకుని ఆడేవాళ్లు. ప్రాక్టీసు బోరబండ అవతల, బండల మధ్య చదునులో. చదును అని పేరే గాని ఒక గోల్ కంటే ఇంకో గోల్ మూడు జానలు పల్లంలో ఉండేది. దారం కట్టి కొలిచాను. మూడో మ్యాచ్ అయ్యేసరికి అందరి మోకాళ్లూ పచ్చిగా ఉన్నాయి. ల్యాబులోని టింక్చర్ సీసా అక్కడే ఖాళీ అయింది.

కెప్టెన్ గోల్‌కీపర్. మూసాపేట వాడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. వాళ్ల నాయిన క్వారీలో బండలు కొట్టేవాడు. ఆ చుట్టుపక్కల ఒక కార్ఖానాకు సొంత జట్టు ఉండేది. అందులో ఇద్దరికి ఉద్యోగం ఇస్తామనీ, వాళ్లను ఫైనల్లో ఆట చూసి ఎంచుకుంటామనీ కార్ఖానా ఆటల ఆఫీసరు పీడీ సారుతో చెప్పాడు. లీగ్ మ్యాచ్‌లు చూసే తీరిక ఆయనకు లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి కెప్టెన్ నన్ను ఒకటే అడిగేవాడు.

"కాకా, జర ఫైనల్ దాక తీస్కపో. ఆడికెళ్లి నేను చూస్కుంట."

"నేనేడ తీస్కపోత బిడ్డా, ఆడేది మీరు గద."

"లెక్క నీ దగ్గరుంటది గద."

మా గ్రూపులో ఆరు కాలేజీలు. మొదట నిలిచిన ఒక్క జట్టే ఫైనల్‌కు పోతుంది. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి. నాలుగు మ్యాచ్‌లలో మేము మూడు గెలిచి ఒకటి ఓడాం. ఆరు పాయింట్లు. మమ్మల్ని ఓడించిన జట్టు అప్పటికే ఐదూ ఆడేసి ఏడు పాయింట్లతో కూర్చుంది. మిగతావాళ్లెవరూ దరిదాపుల్లో లేరు. ఆఖరి మ్యాచ్ మేము డ్రా చేసుకుంటే ఏడూ ఏడూ సమానం. అప్పుడు గోల్స్ చూస్తారు.

మేము కొట్టినవి పద్నాలుగు, తిన్నవి తొమ్మిది. తేడా ఐదు. వాళ్లు కొట్టినవి ఆరు, తిన్నవి మూడు. తేడా మూడు. డ్రా ఎన్ని గోల్స్‌తో అయినా మా తేడా ఐదే ఉంటుంది. పెద్ద పోటీల్లో ఇప్పుడు ఇట్లా తీసివేత మీదే తేలుస్తున్నారని పేపర్లో చదివి ఉన్నాను. రెండుసార్లు చూసుకున్నాను. తీసివేతలో తప్పు లేదు.

ఆఖరి మ్యాచ్ మధ్యాహ్నం ఎండలో. సగం ఆట అయ్యేసరికి చెరొక గోల్. పిల్లలు నేల మీద వాలిపోయి నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటున్నారు. నేను ల్యాబు నుంచి తెచ్చిన పలక మీద లెక్క వేసి కెప్టెన్‌కు చూపించాను.

"డ్రా అయితే సాలు. మీదికి ఉరకకుండ్రి. ఎనుక ఖాళీ అయితది."

పీడీ సారు పలక వంక చాలాసేపు చూశారు. "గెలవడానికే ఆడితే నయమేమోనండి. ఖాయమేనా మీ లెక్క?"

"ఖాయం సార్."

కెప్టెన్ పలక వైపు చూడనైనా లేదు. "కాకా చెప్పిండు గద సార్," అని లేచాడు. మిగతావాళ్ల ముఖాల్లో నాకు కనిపించింది సంతోషం కాదు. ఇంక పరుగెత్తే పని లేదన్న నెమ్మది.

రెండో సగమంతా బంతిని వెనక్కే తన్నారు. వీలైనప్పుడల్లా పొదల్లోకి కొట్టి, తేవడానికి నడిచి వెళ్లారు. అవతలి జట్టు వాడొకడు అరిచాడు. "ఏం భాయ్, గోల్ దిక్కు పోతే కిరాయి అడుగుతరా?"

"మాకు ఫైనల్ ఖరారైంది. మీరు జర ఎండల ఉరుకుండ్రి," అన్నాడు మావాడు.

ఆఖరి పది నిమిషాల్లో మా సెంటర్ ఫార్వర్డ్‌కు బంతి దొరికింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే, అదీ కింద పడి ఉన్నాడు. మావాడు నా వైపు చూశాడు. నేను వద్దని చేయి అడ్డంగా ఊపాను. వాడు బంతిని వెనక్కి పంపాడు.

మ్యాచ్ ఒకటి ఒకటితో ముగిసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతుంటే నేను సంతకం కోసం కమిటీ గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం మీద ఆ ఏడు పాయింట్ల జట్టు పేరు పక్కన రెండు అనీ, మా పేరు పక్కన ఒకటిన్నర అనీ ఉంది.

"ఇదేంది సార్, భాగించిండ్రు?"

"మా దగ్గర మొదటి నుంచి భాగారమే. కొట్టిన గోల్స్‌ను తిన్నవాటితోటి భాగిస్తం. పదిహేనును పదితోటి, ఆరును మూడుతోటి. ఎక్కువ వచ్చినోళ్లే ఫైనల్‌కు పోతరు."

"పెద్ద పోటీలల్ల తీసివేత గద?"

"ఆడేం చేస్తరో మాకెందుకయ్యా. రూల్ కాగితం ఆఫీసు గోడకే పెట్టినం. నువ్వు రెండుసార్లు వచ్చినవు గద, చూడలేదా?"

చూశాను. ఇంగ్లీషులో టైపు చేసిన రెండు పేజీలు. అక్కడ నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే గుమాస్తాలు చూస్తారని, నాకు తెలిసిందే కదా అని వచ్చేశాను. అడిగితే ఒక్క మాటలో చెప్పేవాళ్లు.

కెప్టెన్‌ను పక్కకు పిలిచి చెప్పాను. వాడు చేతి గ్లౌజులు ఒక్కొక్కటే తీసి పీడీ సారు సంచిలో పెట్టాడు.

"మరి గెల్వమంటే గెలుద్దుము గద కాకా," అన్నాడు. ఆ గోల్ ముందరి బంతి ఇద్దరికీ గుర్తుంది. "ఇగ మా నాయినకు నువ్వే చెప్పు," అన్నాడు.

ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ మూసాపేట వెళ్లాం. వాళ్ల నాయిన అప్పుడే క్వారీ నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కనురెప్పల మీద కూడా రాతిపొడి ఉంది. కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టాడు. నేను మొదటి నుంచి చెప్పాను. తప్పు ఎవరిదో కూడా చెప్పాను.

"ఓడిపోయిండ్రా?"

"లేదు. సమానం అయింది."

"ఓడకనే పోయిందా?"

"అవును. నేను తీసివేసిన, వాళ్లు భాగించిండ్రు."

ఆయన కాసేపు తన అరచేతుల వంక చూసుకున్నాడు. "ఆ ఆఫీసరుకు నువ్వు పోయి చెప్తే ఇంటడా సారూ?"

అప్పటిదాకా నన్ను ఎవరూ సారూ అనలేదు. "ఫైనల్ల ఆడినోళ్లనే తీస్కుంటరట," అన్నాను. అయినా మర్నాడు సెలవు పెట్టి వెళ్తానని చెప్పాను. వెళ్లాను కూడా. కార్ఖానా గేటు దగ్గరే మూడు గంటలు నిలబెట్టి, పీడీ సారు ఉత్తరం తెమ్మని పంపించారు. ఉత్తరం తీసుకుని మళ్లీ వెళ్లేసరికి ఇద్దరిని తీసుకోవడం అయిపోయింది.

కాని ఆ సాయంత్రం అవేవీ ఇంకా తెలియవు. ఆయన నా మాట విని తల ఊపి, గడప దగ్గర నిలబడ్డ కొడుకు వైపు తిరిగాడు.

"పోయి తిను. పొద్దుగాల ఐదింటికి లేపుత. ఆ రెండో సుత్తె అల్కగుంటది, అది నువ్వు పట్టుకో."

"మంచిది నాయినా," అన్నాడు వాడు, లోపలికి వెళ్లాడు.