వెల్డింగ్ అతుకు మీద రెండో గీత

దయ్యాల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, ఏడో తరగతి రెండోసారి తప్పాక మా సార్లకు నా మీద లేనట్టే. ఇది మాత్రం కళ్లారా చూశాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఎల్బీనగర్‌లో రోడ్డు కింద పోయే పెద్ద మంచినీళ్ల ఇనుప పైపులో పగుళ్లు, తుప్పు చూసే పని నాదీ, యాదన్నదీ. నీళ్లు ఆపిన రోజు ఒకరు లోపలికి దిగాలి, ఒకరు పైన తాడు పట్టుకోవాలి. పగులు ఎక్కడ ఆగితే అక్కడ తెల్లరంగుతో అడ్డగీత గీసి, కింద దిగినవాడి పేరులో మొదటి అక్షరం రాయాలి. మళ్లీ చూసినప్పుడు పగులు ఆ గీత దాటి ఉంటే పెరిగినట్టు లెక్క. నర్సింహను కాబట్టి నాది 'న'. యాదన్న ఏ అక్షరం రాసినా తలకట్టు మీసంలా మెలితిరిగేది.

ఒక బంద్ రోజు దిగే వంతు నాది. బస్సుల్లేవని యాదన్నకు ఫోన్‌లో చెప్పి పడుకున్నాను. మా కొత్తపేట నుంచి నడిస్తే అరగంట. యాదన్న కర్మన్‌ఘాట్ నుంచి నడిచొచ్చి, తాడు పట్టే మనిషి లేకుండానే దిగాడు. లోపల గాలాడక పోయాడు.

ఆయన భార్య పద్మక్కతో, ఆ రోజు పనున్నట్టే నాకు తెలియదన్నాను.

ఆ తర్వాత పైపులోకి దిగే మూతకు వెల్డింగ్ వేశారు, మనుషుల్ని దింపడం మానేశారు. రెండేళ్లకు రోబో వచ్చింది. నాలుగు చక్రాలు, ముందు కెమెరా, వెనక వైరు. బీడీ అడగదు, బంద్‌కు ఆగదు అని అందర్నీ నవ్వించింది నేనే.

మొదటిసారి దాన్ని ఆ పైపులోనే వదిలాం. చౌరస్తాలో రోడ్డు మీదే ఉద్యమం వంటావార్పు నడుస్తోంది. వైరు నా చేతిలో ఉంది, తెర ముందు ఇంజనీరు గారు కూర్చున్నారు. ఒక అతుకు మీద యాదన్న గీత కనిపించింది, కింద 'యా'. చివరి రోజు గీసింది. పగులు దాన్ని దాటి జానెడు పెరిగింది. ఆ కొత్త కొసన ఇంకో తెల్లగీత. కింద 'న'. తలకట్టు మెలితిరిగి ఉంది.

"ఎవరు దిగారయ్యా ఇందులోకి?" అన్నారు ఇంజనీరు గారు. ఆయనది గుంటూరు వైపు.

"ఎవ్వరు దిగలే సార్. మూత ఇయ్యాల్నే కోసినం గద."

"మరి ఆ అక్షరం నీదేగా?"

యాదన్న పోయినప్పుడు పంచనామాకు తీసిన ఫొటోలు తెప్పించి చూశారు. వాటిలో పగులు మొదటి గీత దగ్గరే ఆగి ఉంది. రెండేళ్లూ ఆ పైపు నిండా నీళ్లు పారుతూనే ఉన్నాయి. ఆ గీత ఎట్లా పడిందో ఇంజనీరు గారు చెప్పలేకపోయారు, ఈ రోజుకీ నేనూ చెప్పలేను.

సాయంత్రం పద్మక్క ఇంటికి పోయాను. వారానికోసారి పోయేవాణ్ణే, ఏదో ఒకటి చెప్పి నవ్వించి, చాయ్ తాగి వచ్చేవాణ్ణి. ఆ రోజు నోట్లోంచి జోకు రాలేదు. గీత సంగతి చెప్పాను.

"అక్కా, గా రోజు దిగే వంతు నాది. ఎరుకుండి గూడ రాలే" అన్నాను.

ఆమె చాయ్ వడగట్టడం ఆపలేదు.

"నీ వంతని గా పొద్దుగాల్నే చెప్పి పోయిండు మీ అన్న. రెండేండ్ల సంది నవ్విస్తున్నవ్, నేను నవ్వొచ్చే నవ్విన్ననుకున్నవా తమ్మీ? ఎప్పుడు చెప్తవోనని చాయ్ పోసిన."