ఐదు కాలేజీల తుంపర

అంకె మార్చింది నేనే, కాదనను. కానీ మార్చేదాకా నన్ను వదిలారా? విశాఖలో పెరిగి, శ్రీకాకుళంలో ఎంటెక్ చేస్తున్న రోజులవి. టర్బైన్‌లో పారే తడి ఆవిరిలో నీటి తుంపర ఎంత లావుంటుందో ఐదు కాలేజీల వాళ్లం విడివిడిగా కంప్యూటర్‌లో లెక్కగట్టాలి. ల్యాబ్‌లో కొలిచిన అంకె చివర్లో బయటపెడతారు. అప్పటిదాకా ఒకరి లెక్క ఒకరు చూడకూడదు. అందుకని మేం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం.

మిగతా నలుగురికీ ఒకే అంకె వచ్చింది, నాకు దానికి రెట్టింపు. గ్రూపులోని పాతపట్నం సీనియర్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరే, మీ యిశాపట్నంలో తుంపర్లు లావుగా ఉంటాయేటి? మార్సీ!"

"నా లెక్క కరెక్టు బావా!" అని అరిచాను.

"అయితే రేపు నువ్వొక్కడివే నిలబడి సెప్పుకో. నీ గైడే నవ్వుతాడు సూడు."

ఫోన్ పెట్టేసి మార్చేశాను.

మర్నాడు సదస్సులో ఐదు అంకెలూ ఒకటే కావడంతో హాలంతా చప్పట్లు. తర్వాత ల్యాబ్ కవరు విప్పితే, అందులో ఉన్నది నా పాత అంకె! ప్రొఫెసర్లు గుసగుసలాడుకుని, ల్యాబ్ వాళ్లనే మళ్లీ కొలవమన్నారు. పాత ఫైలు నా ఫోన్లోనే ఉంది. నేను లేవలేదు.

పిరికివాణ్ణి అంటారా? మీరైతే లేచేవారా?